కుదుపుకు చెదరని తేట

పోయిన వారం సారికను ఒక అట్టపెట్టె ముందు నిలబెట్టి వచ్చేశాం. మళ్ళీ అక్కడికి వెళ్ళేముందు నాలుగు మాటలు చెప్పుకుందాం.

కొవ్వూరు దాటాక కొబ్బరితోటల మధ్య గోపాలకృష్ణంరాజుగారు పెట్టిన చిన్న ల్యాబు ఉంది. గుర్రాలకు అతి కొద్దిగా పాము విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును వేరుచేసి సీసాల్లో నింపి ఆసుపత్రులకు పంపడం అక్కడి పని. రాజుగారిది భీమవరం పక్క. రొయ్యల చెరువుల మీద బతికిన మనిషి. ఆయన చెరువుగట్టు మీద చిట్టియ్య అనే కూలీ పాము కరిచి, ఆసుపత్రిలో మందు లేక చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే రాజుగారు రెండు చెరువులు అమ్మి ఈ ల్యాబు కట్టారు.

సారిక అక్కడ మందు నాణ్యత చూసే కెమిస్టు. వయసు ఇరవై ఏడు. తండ్రి జీవరాజు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఎండాకాలంలో మందు తెల్లగా విరిగిపోతోందని ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు వస్తుంటే, ఆ మందులో ఏం కలిపితే తేటగా నిలుస్తుందో కనిపెట్టడానికి ఏడాదిన్నర కష్టపడింది. చివరికి కొంచెం పంచదార, కొంచెం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కలిపితే ల్యాబులో వేడిపెట్టెలో నెలరోజులు పెట్టినా సీసా తేటగానే ఉంది. అందరూ సంతోషించారు. కొత్త మందు నలభై సీసాలు పరీక్ష కోసం గోదావరి మధ్య లంకలో ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరు నాగవల్లి వాటిని ఎవరికీ వాడకుండా వచ్చిన పెట్టెలోనే తిప్పి పంపింది. పైన ఒక చీటీ: "సారికా, నువ్వే చూడు."

పెట్టె తెరిస్తే సీసాల్లో మబ్బు పట్టి ఉంది.

* * *

"ముప్ఫై మూడు పోయాయండి" అంది సారిక. "ఏడు మాత్రం బాగున్నాయి."

రాజుగారు ఒక సీసా తీసి కిటికీ వైపు పెట్టి చూశారు. పాలల్లో నిమ్మరసం పిండినట్టు లోపల సన్నటి తరకలు తేలుతున్నాయి. పక్కన నిలబడ్డ రమేష్ బాబు ఊరుకోలేదు. అతను మందు తయారీ చూసే మేనేజరు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు. పని తెలిసినవాడే కానీ ఆగడం తెలియనివాడు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండి రాజుగారూ. పంచదార వేస్తే పాయసం అవుతుంది కానీ మందు అవుతుందాండీ? ఏడాదిన్నర పోయింది. వర్షాలు పడ్డాయి, ఊడ్పులు మొదలయ్యాయి, పాములు బయటికొచ్చే కాలం. ఆసుపత్రుల వాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు. స్టోర్లో ఉన్న పాత సరుకులో కూడా సగం మబ్బు పట్టింది. నా మాట వినండి. మన దగ్గర సన్నటి ఫిల్టరు ఉంది. అంతా ఒకసారి వడకట్టేద్దాం. అద్దంలా వస్తుంది. మళ్ళీ నింపి పంపేద్దాం."

"వడకడితే తేటగా వస్తుందా అండీ?" రాజుగారు సారికను అడిగారు.

"వస్తుందండి."

"మరింకేం?"

"తేటగా కనిపిస్తుంది సార్, అంతే. ఆ తరకలేమిటో తెలుసా అండీ? అవే మందు. విషాన్ని పట్టుకోవాల్సిన ప్రోటీన్లే ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టాయి. వాటిని వడకట్టి పారేస్తే సీసాలో మందు తగ్గిపోతుంది, పైన కాగితం మీద రాసింది మాత్రం అలాగే ఉంటుంది. పది సీసాలు ఎక్కించామని డాక్టరు అనుకుంటుంది, రోగికి వెళ్ళేది ఆరు సీసాల మందు. పైగా ఫిల్టర్లోంచి జారిపోయేంత చిన్న ముద్దలు లోపలే ఉంటాయి. అవి రక్తంలోకి వెళ్తే చలి, వణుకు, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. పాము చంపకపోయినా మనం చంపినట్టవుతుంది."

"అన్నీ అలా జరుగుతాయా ఏంటండీ సారికగారూ?" రమేష్ బాబు విసుక్కున్నాడు. "మందు లేకుండా పోయేవాళ్ళ సంగతి చెప్పండి. తక్కువో ఎక్కువో, అసలు లేనిదానికంటే నయం కాదాండీ?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. సారిక తల ఎత్తి, "తక్కువుందని కాగితం మీద రాసి పంపుతానంటే నేను ఒప్పుకుంటానండి. రాయకుండా పంపేదానికి నేను సంతకం పెట్టను. కావాలంటే నన్ను తీసెయ్యండి సార్" అంది.

రాజుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. పనివాళ్ళని కూడా 'అండీ' అంటూనే పిలుస్తారు. "తీసెయ్యడం సంగతి తర్వాతండి. ముందు నాకొకటి చెప్పండి. మన వేడిపెట్టెలో నెలరోజులు తేటగా ఉన్న మందు, లంకకి వెళ్ళేసరికి నాలుగు రోజుల్లో ఎందుకు పోయిందండీ?"

సారిక నిజమే చెప్పింది. "తెలీదండి."

* * *

ఆ గదిలో నాలుగో మనిషి కూడా ఉందని ముగ్గురూ మరిచిపోయారు. ఏసమ్మ తలుపు దగ్గర బల్ల ముందు కూర్చుని, తిరిగొచ్చిన సీసాలను ఒక్కొక్కటే ఎత్తి చూస్తోంది. ఒక పక్క నల్లటి అట్ట, ఇంకో పక్క తెల్లటి అట్ట, మధ్యలో దీపం. సీసాను తిరగేసి, లోపల నలుసు తిరుగుతోందేమో చూడడం ఆమె పని. తొమ్మిదేళ్ళుగా అదే పని. మిషన్లు పట్టలేని నలుసును ఏసమ్మ పడుతుందని ల్యాబులో అందరికీ తెలుసు.

"ఓ మాటండి" అందామె, సీసా దించకుండానే.

"చెప్పు పిన్నీ" అంది సారిక. ఇద్దరిదీ ఒకే చర్చి. అందుకే ఆ పిలుపు.

"ఈ బాగున్న ఏడూ ఉన్నాయే, ఇవి నిండుగా ఉన్నాయమ్మా. మూత దాకా. మిగతావన్నీ వెలితిగా ఉన్నాయి. అదేంటో మరి నాకు తెలీదు గానీ, నిండు కుండ తొణకదంటారు కదా."

సారిక పరుగులాంటి నడకతో బల్ల దగ్గరికి వెళ్ళింది. ఏడు సీసాలనూ వరసగా పెట్టింది. నిజమే. ఆ రోజు నింపే మిషను కాసేపు మొరాయించి కొన్ని సీసాలను అంచుదాకా నింపేసింది. వాటిలో గాలి బుడగ కూడా లేదు. పాడైన ముప్ఫై మూడింటిలోనూ మూత కింద వేలి మందాన ఖాళీ ఉంది. మందు ఒకటే. రోజు ఒకటే. ప్రయాణం ఒకటే. తేడా ఆ ఖాళీ ఒక్కటే.

ఆమె ఒక సీసా చేతిలోకి తీసుకుని గట్టిగా ఊపింది. పైన నురగ లేచింది. ఆ నురగవైపే చూస్తూ నిలబడిపోయింది.

"సార్, మన మందు లంకకి ఎలా వెళ్తుందండీ?"

"వ్యాన్లో ఏలూరు స్టోరుకి. అక్కణ్ణించి బస్సు మీద నరసాపురం. రేవులో పంటు పడవ మీద గోదావరి దాటించి, అవతల ట్రాక్టరు మీద ఆసుపత్రికి." రాజుగారు చెప్పి, తన మాట తనకే వినిపించినట్టు ఆగారు. "నాలుగు రోజులూ కుదుపేనండి."

"మనం వేడిపెట్టెలో కదలకుండా పెట్టి చూశామండి!" సారిక గొంతులో మొదటిసారి ఉత్సాహం వినిపించింది. "ఎండకి ఏమవుతుందో చూశాం గానీ, రోడ్డుకి ఏమవుతుందో చూడలేదు. ఈ ప్రోటీన్లు నీళ్ళల్లో ఉన్నంతసేపూ చక్కగా చుట్టలు చుట్టుకుని ఉంటాయి సార్. నీటికి పైన గాలి తగిలే చోటుకి వెళ్తేనే వాటి చుట్ట విప్పుకుంటుంది. విప్పుకున్నవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సీసా కదలకుండా ఉంటే పైకి వచ్చేవి కొన్నే. కుదుపుతూ ఉంటే ప్రతి కుదుపుకీ కొత్త నురగ, కొత్త అంచు, కొత్తగా విప్పుకునేవి. పంచదార వేడికి కాస్తుంది. ఆర్జినిన్ అతుక్కోనివ్వకుండా కొంతవరకు ఆపుతుంది. కానీ ఆ గాలి అంచు దగ్గర కాపలా ఎవరూ లేరు."

"అయితే అన్నీ నిండుగా నింపేద్దామండి" అన్నాడు రమేష్ బాబు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"ఎండకి మందు ఉబ్బుతుందండి. ఖాళీ లేకపోతే మూత ఎగిరిపోతుంది, లేదా సీసా పగులుతుంది. ఖాళీ ఉండాల్సిందే. ఆ అంచులో వేరేవాటిని కూర్చోబెట్టాలి. పాలీసార్బేట్ అని ఉంది సార్. సబ్బు జాతిదే, కానీ ఇంజెక్షన్లలో వాడేది. చాలా కొంచెం చాలు. లీటరుకి నాలుగు చుక్కలు కూడా అక్కర్లేదు. అది ముందే వెళ్ళి గాలి అంచు అంతా ఆక్రమించేస్తుంది. ప్రోటీన్లకి అక్కడ చోటే ఉండదు, కిందే ఉండిపోతాయి."

"పంటు ఎక్కినప్పుడు కమ్మీల పక్కనంతా ముందే జనం నిలబడిపోతే, మిగతావాళ్ళు మధ్యలో నిలబడాల్సిందే. అంతేనా అండీ?" అన్నారు రాజుగారు.

"అంతేనండి!"

"అయితే నాకు కళ్ళారా చూపించండి. చూపిస్తే వడకట్టే మాట ఇంకెత్తను. లేకపోతే రమేష్‌గారు చెప్పినట్టు చేద్దాం. కాగితం మీద మాత్రం ఉన్నదే రాద్దాం."

* * *

నాలుగో రోజు పొద్దున్న ఎనిమిదింటికి అందరూ కొబ్బరితోటలో చేరారు. తోటకు నీళ్ళు తోడే పాత డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంది. స్టార్టు చేస్తే కింద సిమెంటు దిమ్మ కూడా వణుకుతుంది. ల్యాబులో సీసాలను ఊపే మిషను లేదు. ఉన్నదానితోనే పని జరిపించుకోవడం సారికకు అలవాటు.

పది పది సీసాలుగా మూడు జట్లు తెచ్చింది. మొదటివి వెలితిగా ఉన్నవి, లంకకు పంపిన మందే. రెండోవి అదే మందు, అంచుదాకా నింపినవి. మూడోవి వెలితివే, కానీ పాలీసార్బేట్ కలిపినవి. వాటన్నిటినీ ఒక చెక్క చట్రంలో బిగించి ఇంజిన్‌కి కట్టబోతుంటే రమేష్ బాబు అడ్డం వచ్చాడు.

"ఒక్క నిమిషమండి. ఇంజిన్ వేడెక్కుతుంది కదా. రేపు మీ సీసాలు పాడైతే వేడికే పాడయ్యాయని నేనే అంటాను. ఆ మాట అనకుండా చెయ్యండి."

సారిక అతనివైపు చూసి నవ్వింది. అది తనకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడింది కూడా. వెంటనే ఇంకో పది వెలితి సీసాలు తెచ్చి, ఇంజిన్ పక్కనే, దాని వేడి తగిలేచోట, ఇసుక కుప్పలో కదలకుండా పాతింది. "ఇవి నాలుగో జట్టు. వేడి అంతే, కుదుపు లేదు. థాంక్సండి రమేష్‌గారూ."

అన్నిటికీ కాగితాలు తీసేశారు. రాజుగారు తానే ఒక్కొక్కదాని కిందా తనకు తోచిన అంకె వేసి, ఏ అంకె ఏ జట్టుదో రాసుకున్న చీటీ జేబులో పెట్టుకున్నారు. చూసి చెప్పాల్సింది ఏసమ్మ. నిండువి చూస్తేనే తెలిసిపోతాయి; మిగతావాటిలో ఏది ఏదో ఆమెకి గానీ సారికకు గానీ తెలియకూడదని షరతు. ఆ షరతు పెట్టింది సారికే.

ఇంజిన్ మొదలైంది. ఏడు గంటలు ఆగకుండా నడిచింది. మధ్యాహ్నం ఎవరూ అన్నానికి సరిగా వెళ్ళలేదు. రాజుగారు కూడా తోటలోనే మంచం వేయించుకుని, పేపరు తిరగేస్తూ, చదవకుండా కూర్చున్నారు. సారిక గంటకోసారి వచ్చి థర్మామీటరు చూసి రాసుకునేది. ఆ ఏడు గంటల్లో ఆమె మనసులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి మాత్రం ఏసమ్మతో అంది: "ఆ రోజు దేవుణ్ణి గెలిపించమని అడగలేదు పిన్నీ. ఏది నిజమైతే అదే కనపడేలా చెయ్యమన్నాను."

నాలుగింటికి ఇంజిన్ ఆపి, సీసాలన్నిటినీ రాజుగారే కలగలిపి బల్ల మీద పెట్టారు. ఏసమ్మ దీపం ముందు కూర్చుంది. అద్దాలు తుడుచుకుంది. ఒక్కో సీసాను మెల్లగా తిప్పి, నల్ల అట్ట ముందు ఒకసారి, తెల్ల అట్ట ముందు ఒకసారి పట్టి, కింద అంకె చూసి చెప్పింది.

"పదిహేడు, తేట. నాలుగు, మబ్బు. ముప్ఫై ఒకటి, తేట. తొమ్మిది... తేట. ఇరవై రెండు, మబ్బు, బాగా మబ్బు."

రమేష్ బాబు రాసుకుంటున్నాడు. నలభై సీసాలు చూడడానికి గంట పట్టింది. ఒక్క సీసా దగ్గర మాత్రం ఏసమ్మ చాలాసేపు ఆగింది. "ఇందులో ఒకే ఒక్క నలుసుందమ్మా. దుమ్మో, మరింకేమో. తేట అనలేను" అని పక్కన పెట్టింది.

రాజుగారు జేబులోంచి చీటీ తీశారు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశారు. చూస్తున్నకొద్దీ ఆయన ముఖం మారిపోయింది.

కుదుపు తగిలిన వెలితి సీసాలు పదికి పదీ మబ్బు. అంచుదాకా నింపినవి పదీ తేట. ఇసుకలో కదలకుండా ఉన్నవి పదీ తేట. పాలీసార్బేట్ కలిపినవి తొమ్మిది తేట. ఏసమ్మ పక్కన పెట్టిన ఒక్కటీ ఆ జట్టులోదే.

"తొమ్మిదండి" అంది సారిక. "పది కాదు. ఆ ఒక్కటీ ఎందుకు పోయిందో చూడాలి."

రాజుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడంతో అందరూ లేచారు. "ఏవండీ సారికగారూ, నా జన్మలో చాలామందిని చూశానండి. గెలిచాక కూడా ఆ ఒక్క సీసా సంగతే అడిగేవాళ్ళని చూళ్ళేదు." ఆ తర్వాత ఏసమ్మవైపు తిరిగి, "మీరు కూడానండి. మీ అమ్మాయిలాంటి మనిషి కష్టం అని తెలిసీ, ఒక్క నలుసు దగ్గర మొహమాటపడలేదు" అని రెండు చేతులూ జోడించారు. ఏసమ్మ కంగారుగా కొంగు సర్దుకుంది.

రమేష్ బాబు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాయసం అన్నానండి మొన్న" అన్నాడు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వడకట్టే పని ఎక్కడా జరగదు. మబ్బు పట్టిన సరుకంతా రేపే స్టోర్ల నుంచి వెనక్కి తెప్పిస్తాను. కొత్తది చేసేదాకా ఏ ఆసుపత్రిలో ఎన్ని మంచి సీసాలున్నాయో లెక్కతీసి సర్దుతాను. అది నా పని."

* * *

ఆ తర్వాత పది రోజులూ సారికకు ఊపిరి సలపలేదు. కొత్త మందు విషాన్ని పట్టే శక్తి తగ్గలేదని గాజుపళ్ళాల్లో చూసింది. తగ్గలేదు. జంతువుల మీద చూడాలి, ఆ తర్వాత ప్రభుత్వం అనుమతి రావాలి. దానికి నెలలు పడుతుంది. ఈలోగా అసలు రోడ్డు మీద ఏమవుతుందో చూద్దామని, పన్నెండు సీసాలు అదే దారిన, అదే వ్యాను, అదే బస్సు, అదే పంటు మీద లంక ఆసుపత్రికి పంపింది. ప్రతి సీసా మీదా ఎర్ర సిరాతో తన చేత్తోనే రాసింది: 'పరీక్షకు మాత్రమే. మనుషులకు వాడరాదు.'

ఆగస్టు మూడో వారం. గోదావరికి వరద వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ల్యాబులో ఫోను మోగింది.

"సారికా, నేను నాగవల్లిని." డాక్టరు గొంతు గరగరలాడే లైన్లో వినిపించింది. "నీ సీసాలు నిన్న సాయంత్రం అందాయి. ఇప్పుడే పన్నెండూ తీసి చూశాను."

సారిక బల్ల అంచు పట్టుకుంది. "ఎలా ఉన్నాయి డాక్టర్‌గారూ?"

"తేటగా. పన్నెండూ తేటగా ఉన్నాయి. నీటిబొట్టులా ఉన్నాయి."

సారిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా కూర్చున్న రాజుగారికి చేత్తో సైగ చేసింది. ఆయన ముఖమంతా నవ్వైంది. రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టారు.

"డాక్టర్‌గారూ, నాకు మాట రావడం లేదండి."

"ఆగు. నేను ఫోన్ చేసింది అందుకు కాదు."

ఆ గొంతులో తేడా సారికకు అప్పుడు తెలిసింది.

"నారు పీకుతుంటే లోవమ్మ అనే మనిషిని నాగుపాము కరిచింది. ముప్పావుగంట అయింది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మింగలేకపోతోంది. మీవాళ్ళు పాత సరుకు వెనక్కి తీసుకెళ్ళి, నాలుగు మంచి సీసాలు నాకిచ్చారు. నాలుగూ ఎక్కించేశాను. చాల్లేదు. వరదకి పొద్దున్నుంచీ పంటు ఆపేశారు. వేరే చోటు నుంచి మందు వంతెన తిరిగి రోడ్డు మీద రావాలంటే రెండు గంటల పైమాటే. అంతసేపు చేత్తో సంచి నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి కొట్టి ఈమెను నిలబెట్టగలనో లేదో నాకు తెలీదు. ఇప్పుడు నా ఫ్రిజ్‌లో ఉన్నవి నీ పన్నెండే. వాటి మీద నువ్వు ఎర్ర సిరాతో రాసింది కూడా చదివాను."

లైన్లో అవతల ఎవరో ఏడుస్తున్నారు. నాగవల్లి ఎవరితోనో "గాలి ఆపకండి, కొడుతూనే ఉండండి" అంది. మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"ఆ సీసాలో ఏముందో నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కించమంటావా, వద్దంటావా?"

అవతలి మాటలు వినిపించిన రాజుగారు రిసీవరు కోసం చెయ్యి చాచారు. యజమాని తాను, ఆ మాట బరువు తాను మొయ్యాలనుకున్నారేమో. సారిక రిసీవరు ఇవ్వలేదు. మరో చేత్తో సొరుగు లాగి, ఆ పన్నెండు సీసాల పరీక్ష కాగితాలు బల్ల మీద పరిచింది.

"డాక్టర్‌గారూ, ఈ మందులో మాకు తెలిసిందేంటో, తెలియనిదేంటో రెండూ చెబుతాను" అంది. "ముందు తెలియనిది వినండి."